ఇరవైకి ఇరవై

ఆ యూనివర్సిటీ లైబ్రరీ కింది అంతస్తులో, రెండో స్తంభం పక్కన ఒక బల్ల ఉంది. బల్ల మీద ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఒక పొడుగాటి రిజిస్టరు, బల్ల వెనక ఒకావిడ. ఆవిడకి అమ్మానాన్నా పెట్టిన పేరు జీతం కాగితంలో తప్ప ఇంకెక్కడా కనబడదు. ఇరవై ఆరేళ్ళుగా అందరికీ ఆవిడ వెతుకుడక్క. డీన్ గారు కూడా ఫోన్ చేస్తే "వెతుకుడక్క ఉందా?" అనే అడుగుతాడు. ఎదురుపడితే మాత్రం మేడమ్ అంటాడు, అది వేరే సంగతి.

ఆవిడ ఏం పని చేస్తుందో బయటివాళ్ళకి చెప్పడం కొంచెం కష్టం. "పుస్తకాలు సర్దుతావా వదినా?" అని అడిగే చుట్టాలకి "ఆఁ, సర్దుతా" అని ఊరుకునేది. అసలు సంగతి ఇది. పీహెచ్‌డీ చేసే ప్రతివాళ్ళూ తమ విషయం మీద లోకంలో ఇంతవరకు ఎవరేం చేశారో ఒక అధ్యాయం రాయాలి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ వాళ్ళకైతే ఇందులో నియమాలు మరీ ఎక్కువ. తోచిన పది పరిశోధన పేపర్లు చదివేసి చూశాం అంటే ఒప్పుకోరు. పేపర్లన్నీ ఉండే డేటాబేసుల్లో వేటిలో వెతికారు, ఏ రోజు వెతికారు, ఏ మాటలు పెట్టారు, ఎన్ని వచ్చాయి, ఎన్ని తీసేశారు, ఎందుకు తీసేశారు, అన్నీ రాయాలి. రేపు ముక్కూమొహం తెలియనివాడు అదే దారిన వెళ్ళినా అవే పేపర్లు దొరకాలి. ఇన్ని నియమాలు పెట్టినవాళ్ళు వాటిని పాటించడానికి టైము మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అందుకని స్కాలర్లంతా ఆవిడ బల్ల దగ్గర చేరేవాళ్ళు.

వెతకడానికి మాటలు కూర్చడం వెతుకుడక్క విద్య. ఒకే వస్తువుకి పదిమంది పది పేర్లు పెడతారు గదా. ఆ పేర్లన్నీ ఏరి, ఇదైనా ఉండాలి, లేకపోతే అదైనా ఉండాలి, దాంతోపాటు ఇది తప్పనిసరిగా ఉండాలి అని బ్రాకెట్లు పెట్టి ఒక పొడుగాటి వాక్యం తయారుచేస్తుంది. వాక్యం వదులైతే అరవై వేల పేపర్లు వచ్చి నెత్తిన పడతాయి, అవి చూసేసరికి స్కాలరు జుట్టు నెరుస్తుంది. బిగిస్తే పన్నెండే వస్తాయి, కావలసినవి కాస్తా జారిపోతాయి. ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పే వంటమనిషిలాగా ఆవిడకి ఆ కొలత తెలుసు.

తెలిస్తే చాలదు, రుజువు కావాలి. రుజువుకి ఒక పద్ధతి ఉంది. ఆ విషయం తెలిసిన ఇంకో మనిషి కంప్యూటరు ముట్టుకోకుండా, పేరున్న కాన్ఫరెన్సు సభల సంచికలు పేజీ పేజీ తిరగేసి, తప్పకుండా దొరికి తీరాల్సిన పేపర్లు ఇరవై ఏరి పక్కన పెట్టాలి. ఆ తర్వాత వాక్యాన్ని డేటాబేసు మీదికి వదిలి, ఆ ఇరవైలో ఎన్ని వచ్చాయో చూడాలి. పదహారు వస్తే వాక్యం పాసైనట్టు. దీని ప్రాణమంతా ఎక్కడుందంటే, ఏరిన మనిషి వేరు, వాక్యం రాసిన మనిషి వేరు కావడంలో ఉంది. "ప్రశ్నపత్రం రాసినవాడే జవాబులు కూడా రాసుకుంటే ఫస్టుక్లాసు రాక ఏమొస్తుంది?" అని ఆవిడ ఏటా కొత్త స్కాలర్లకి చెప్పి నవ్వించేది. బోర్డు మీద ఆ నియమం రాసి కింద రెండు గీతలు కూడా గీసేది.

అలాంటి మనిషి ఒక్కసారి, ఒక్కరి కోసం, ఆ నియమం తప్పింది. ఆ ఒక్కరూ మేనకోడలు.

తమ్ముడి కూతురు చిట్టి. వెతుకుడక్కకి ఇద్దరూ మగపిల్లలే, ఆడపిల్లకి జడ వేసే ముచ్చట చిట్టితోనే తీర్చుకుంది. ఆ పిల్ల పెద్దదై, పెళ్ళి చేసుకుని, ఓ ప్రైవేటు కాలేజీలో టెంపరరీ లెక్చరరుగా చేరి, ఆ ఉద్యోగం నిలబడాలంటే పీహెచ్‌డీ ఉండి తీరాలని వాళ్ళంటే, అత్త ఉన్న యూనివర్సిటీలోనే పేరు నమోదు చేయించుకుంది. పగలు పాఠాలు, సాయంత్రం కూతురి చదువు, మిగిలిన ముక్కాచెక్కా టైములో పరిశోధన. ఎనిమిదేళ్ళు అలాగే ఈడ్చింది.

చిట్టి విషయం ఏమిటంటే, సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు అది సరిగ్గా నడుస్తోందో లేదో చూడడానికి దానికి పరీక్షలు పెడతారు. కొన్ని పరీక్షలు పొద్దున పాసవుతాయి, ఎవరూ వేలు పెట్టకపోయినా మధ్యాహ్నం ఫెయిలవుతాయి, సాయంత్రానికి మళ్ళీ పాసవుతాయి. వాటిని చిట్టి పెంకి పరీక్షలంటుంది. లిఫ్టుల్నీ నీటి పంపుల్నీ నడిపే సాఫ్ట్‌వేర్‌లో ఈ పెంకితనం ఎంత, ఎందుకు అన్నది ఇంతవరకు ఎవరూ కొలవలేదు, మొదటిసారి నేను కొలిచాను అన్నది ఆమె థీసిస్. ఎవరూ కొలవలేదని సాక్ష్యం ఏమిటి? వెతికాం, దొరకలేదు. వెతికిందెవరు? అత్త.

నాలుగేళ్ళ కిందట ఆ వెతుకులాట జరిగింది. ఇరవై పేపర్లు ఏరాల్సిన వారంలోనే చిట్టి కూతురు మెట్ల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. "అత్తా, ఆ ఇరవై నువ్వే ఏరిపెట్టవా? నీకు తెలియందా?" అని ఆస్పత్రి వరండాలోంచి ఫోన్. గొంతు వింటే ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. వెతుకుడక్క సరేనంది. పదకొండేళ్ళ సంచికలు తిరగేయాలంటే పదిహేను రోజులు పడుతుంది. ఆవిడకి ఒక గంట పట్టింది. ముందే ఓసారి సరదాగా వెతికి చూసినప్పుడు మొదటి పేజీల్లో పైన వచ్చినవే ఇరవై తీసింది. వాటిని చూసే వాక్యానికి మాటలు కూర్చింది. వాక్యాన్ని వదిలింది. ఇరవైకి ఇరవై వచ్చాయి. రాకేం చేస్తాయి, ఇంట్లోవాళ్ళనే నిలబెట్టి మీరంతా మా ఇంట్లోవాళ్ళేనా అని అడిగినట్టుంది మరి.

రెండో జాగ్రత్త ఇంకోటుంది. దొరికిన పేపర్లని పట్టుకుని, అవి ఎవరిని ఉదహరించాయో వెనక్కి వెళ్ళి చూడాలి, వాటిని ఎవరు ఉదహరించారో ముందుకి వెళ్ళి చూడాలి. ఆవిడ మొదటిదాన్ని తాతల్ని అడగడం అనేది, రెండోదాన్ని మనవల్ని అడగడం అనేది, రెంటికీ కలిపి తీగ లాగడం అని పేరు పెట్టింది. ఇరవైకి ఇరవై వచ్చాక ఇంకా తీగలెందుకని చిట్టి గైడ్ గారు కొట్టిపారేశాడు. వెతుకుడక్క కూడా పట్టుబట్టలేదు. ఆ యూనివర్సిటీలో ప్రతి థీసిస్ వెనకా లైబ్రరీ సర్టిఫికెట్ ఒకటి కుట్టాలి, వెతుకులాట నియమం ప్రకారమే జరిగిందని. దాని మీద సంతకం పెట్టి, ముద్ర వేసి, "పో, బంగారంలా రాసుకో" అని పంపింది.

ఇప్పుడు చిట్టికి గడువు ఈ నెల ఇరవై ఎనిమిది. ఎనిమిదేళ్ళు దాటితే నమోదు రద్దు. నమోదు పోతే థీసిస్ చిత్తుకాగితం, ఉద్యోగం కూడా ఈ టర్ముతో ఆఖరు.

ఏడో తారీకు బుధవారం, ఎలక్ట్రికల్ వాళ్ళ మోటార్ల ల్యాబ్ చూసే ఆవిడ వచ్చి ఒక పేపరు నంబరిచ్చింది, కాపీ కావాలని. మాటలూ లేవు, వాక్యాలూ లేవు, రెండు నిమిషాల పని. ఆ ప్రింటరుకో దురలవాటు ఉంది, చివరి పేజీ ముందు కక్కుతుంది. చివరి పేజీ నిండా ఉదహరించిన పేపర్ల జాబితా. చేతిలోకి తీసుకుంటూ అలవాటు చొప్పున జాబితా మీద కళ్ళు పోనిచ్చింది. పదిహేడో నంబరు దగ్గర ఆగాయి. నీటి పంపుల నియంత్రణ పరీక్షల్లో కనబడి మాయమయ్యే లోపాలు, పన్నెండు వేల సార్లు నడిపి చూసిన కొలత. తొమ్మిదేళ్ళ కిందటిది.

"ఇది మీవాళ్ళదేనాండీ?" అంది వెతుకుడక్క, పదిహేడో నంబరు మీద వేలు పెట్టి.

"ఏదీ? ఓ, అదా. మావాళ్ళదే. మాకది పాత సంగతండీ, మా సభల్లో ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు దాని మీద." మోటార్ల ల్యాబ్ ఆవిడ పేజీలు సర్దుకుని థ్యాంక్సండీ అని వెళ్ళిపోయింది.

వెతుకుడక్క ఆ పదిహేడో నంబరు తెప్పించింది. చదివింది. దాని తాతల్ని అడిగింది, మనవల్ని అడిగింది. తీగ లాగితే డొంకంతా కదిలిందన్నట్టు, మర్నాడు సాయంత్రానికి పదకొండు పేపర్లు తేలాయి. ఆ మోటార్ల మనుషుల సభలు వేరు, వాళ్ళ డేటాబేసు వేరు, పెంకి పరీక్షలకి వాళ్ళు పెట్టుకున్న పేరు వేరు. యూనివర్సిటీలో వాళ్ళ బిల్డింగు మాత్రం ఎదురుగానే ఉంది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పదకొండింటిలో పది ఎలాగైనా సర్దుకోవచ్చు. ఆ పదిహేడో నంబరు మాత్రం అచ్చంగా చిట్టి చేసిన పని. అదే కొలత, అదే దారి, చిట్టి మూడు పంపుల మీద చేస్తే వాళ్ళు ముప్ఫై పంపుల మీద చేశారు.

ప్రతి వెతుకులాటా రిజిస్టరులో తారీకు వేసి రాయడం నియమం. పెన్ను తీసింది, మూత పెట్టేసింది. ఇరవై ఆరేళ్ళలో వెతికి కూడా రాయనిది ఇదొక్కటే. నిజాయితీగా ఏరిన ఇరవై ఉండి ఉంటే, ఒక్క మోటార్ల సంచిక తిరగేసి ఉంటే, నాలుగేళ్ళ కిందటే దొరికేది. అప్పుడు చిట్టికి నాలుగేళ్ళు చేతిలో ఉన్నాయి, విషయం మార్చుకునేది. ఇప్పుడు ఇరవై రోజులు.

ఆవిడ మొగుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేస్తాడు. మాట తక్కువ మనిషి. పెళ్ళాం మూడు పూటలుగా కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే చూసి, "ఏమైందే?" అన్నాడు. ఆవిడ చెప్పింది. అంతా అర్థం కాలేదు గానీ ముఖ్యమైంది అర్థమైంది.

"మా దగ్గర పవరు తప్పు వేస్తే మనిషి తలనొప్పని మర్నాడే తిరిగొచ్చి మొహాన కొడతాడు. మీ పనిలో తిరిగొచ్చేవాడెవడు?"

"ఎవరూ రారండీ. అదే గదా ఏడుపు."

"మరైతే నువ్వే వెళ్ళాలి" అన్నాడాయన. అనేసి మళ్ళీ న్యూస్‌పేపర్లో తల పెట్టేశాడు. చెప్పడం ఆయనకి సుళువే.

వెళ్ళాలి, ఎక్కడికి? ముందుగా, శుక్రవారం నాడు, పరీక్షల ఆఫీసుకి వెళ్ళింది. అక్కడి గుమాస్తా ఈవిడకి ఇరవై ఆరేళ్ళ పరిచయం, ఒకే రోజు ఉద్యోగంలో చేరారు.

"ఎనిమిదేళ్ళు దాటాక ఒక్క ఆర్నెల్లు పొడిగించే దారేమైనా ఉందా అన్నయ్యా?"

"వైస్ ఛాన్సలర్ గారి సొంత బావమరిదిది పోయిన ఏడాది రద్దయిందమ్మా. అంతకంటే పెద్ద సిఫార్సు ఉంటే పట్టుకురా."

"పోనీ, ఇది చెప్పు. లైబ్రరీ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాళ్ళు, అది తప్పని తర్వాత తెలిస్తే, సంతకం వెనక్కి తీసుకోవచ్చా?"

గుమాస్తా కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని ఆలోచించాడు. బీరువా తెరిచి ఫారాల కట్ట మొత్తం తిరగేశాడు, మంచి మనిషి. "వెనక్కి తీసుకునే ఫారం మా దగ్గర లేదమ్మా. సంతకం పెట్టినవాళ్ళు పోతే మాత్రం ఉంది, వాళ్ళ బదులు వేరేవాళ్ళు పెట్టడానికి. ఎవరికి?"

"ఎవరికీ లేదు, ఊరికే" అంది వెతుకుడక్క. ఆ ఫారానికి తను పనికిరాననుకుంటూ మెట్లు దిగింది.

ఆదివారం మధ్యాహ్నం చిట్టి ఇంటికి వెళ్ళింది. మూడో అంతస్తులో రెండు గదులు. మంచం మీద, నేల మీద, కిటికీ గూట్లో, ఎక్కడ చూసినా థీసిస్ పేజీలు అధ్యాయాల వారీగా పరిచి ఉన్నాయి. చిట్టి మొగుడు కూతుర్ని ఈతకి తీసుకెళ్ళాడు. శుక్రవారం ముందస్తు సెమినారు, అది గట్టెక్కితే బైండింగు, ఆ తర్వాత సమర్పించడం.

"అడుగు చూసి వెయ్యి అత్తా, ఐదో అధ్యాయం తొక్కుతావు. ఇదేంటి మొహం ఇలా ఉంది, మామయ్యకి బాగానే ఉందా?"

"మామయ్యకేం, గుండ్రాయిలా ఉన్నాడు." వెతుకుడక్క సంచీలోంచి ఆ పేపరు తీసి మంచం చివర పెట్టింది. ఇక్కడికి వచ్చేదాకా బస్సులో పదిసార్లు కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. "చిట్టీ, నేను... ఇది చూడవే."

చిట్టి చూసింది. పేరు చదివింది. చేతిలోకి మాత్రం తీసుకోలేదు. కొత్త పేపరు కనబడితే ఏ స్కాలరైనా ముందు లాక్కుంటాడు, చివరి పేజీ తిప్పుతాడు. ఇరవై ఆరేళ్ళుగా వాళ్ళనే చూస్తున్న వెతుకుడక్కకి అది ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

"నీకు తెలుసా?"

"కూర్చో అత్తా."

"తెలుసా అంటే?"

"తెలుసు. పోయిన ఏడాది వానల్లో కనబడింది. కాలేజీలో ఎవరో పిల్లాడు ప్రాజెక్టు రిపోర్టులో పెట్టుకొచ్చాడు." చిట్టి పేజీలు పక్కకి జరిపి అత్తకి చోటు చేసింది. "ఆ రోజంతా క్లాసుల్లో ఏం చెప్పానో నాకే తెలీదు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే ఏం చేసేదానివి? మళ్ళీ మొదట్నించి వెతుకుదాం పద అనేదానివి. నాకు ఏడేళ్ళు అయిపోయాయి అప్పటికే." కింద పడ్డ పేజీ ఒకటి తీసి దొంతరలో పెట్టింది. "ఆ ఇరవై పేపర్లు నువ్వెలా ఏరావో కూడా అప్పుడే తెలిసింది. నీ రిజిస్టరు చూశా. ఏరడం, వాక్యం రాయడం, పరీక్షించడం, మూడింటికీ ఒకే తారీకు వేశావు. నువ్వు తారీకు కూడా అబద్ధం వెయ్యలేవు."

వెతుకుడక్కకి తేలు కుట్టినట్టయింది. కూర్చున్నచోటే ఒదిగిపోయింది.

"పాప చెయ్యి విరిగిందని, నా కోసం చేశావు" అంది చిట్టి. "నా కోసం చేసినదాన్ని నీ మీదికి ఎలా తోసేది? అందుకే నోరు మూసుకున్నా. పైగా ఇంకోటి కూడా అనుకున్నా, దాచడం దేనికి. నీ చేతికి చిక్కనిది ఇంకెవరి చేతికీ చిక్కదులే అనుకున్నా."

"ఒక పేరా రాయవే. ఇలా ఒక పేపరుందని, తర్వాత తెలిసిందని. అంతే."

"మొదటిసారి అన్న మాట థీసిస్‌లో ఎన్నిసార్లుందో తెలుసా? నలభై ఒకటి. లెక్కపెట్టా. ఒక పేరా రాస్తే ఏడు అధ్యాయాలూ కూలతాయి. గైడ్ గారికి చెప్పా, ఆయనేమన్నాడో తెలుసా, నియమం ప్రకారం వెతికితే కనబడలేదు కదమ్మా, కనబడనిది లేనట్టే లెక్క అన్నాడు. నీ సర్టిఫికెట్ చూపించి మరీ అన్నాడు." చిట్టి నవ్వబోయింది, నవ్వు రాలేదు. రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. "ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు అత్తా. నువ్వు ఏది చెబితే అది చేస్తా. రద్దు చేయించుకోమంటే రేపే వెళ్ళి చేయించుకుంటా."

అదీ అసలు పిడుగు. తిట్టి ఉంటే బాగుండేది. వెతుకుడక్కకి కక్కడానికీ లేదు, మింగడానికీ లేదు. చెప్పమంటే ఏం చెబుతుంది? మానుకో అంటే ఆ మాటతో ఎనిమిదేళ్ళూ పోతాయి, తను ఆ రోజు చేసిన గంట పనికి. కానియ్యి అంటే ఇరవై ఆరేళ్ళు బోర్డు మీద గీసిన గీతలన్నీ తుడిచేసినట్టే. ఆవిడ మేనకోడలి తల నిమిరింది, నిమురుతూనే ఉంది. ఈతకి వెళ్ళినవాళ్ళు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడింది. చిట్టి లేచి మొహం కడుక్కుంది. ఆ పేపరు మళ్ళీ వెతుకుడక్క సంచీలోకే వెళ్ళింది. ఇద్దరూ ఏ మాటా అనుకోలేదు. మాట అనుకోకపోవడం కూడా నిర్ణయమే గానీ, అది తీసుకున్నామని ఆ ఇద్దరిలో ఎవరూ ఒప్పుకోరు.

పదహారో తారీకు శుక్రవారం సెమినారు. ఎవరైనా వచ్చి వినొచ్చు, ప్రశ్నలు వేయొచ్చు. వెతుకుడక్క వెనక వరసలో కూర్చుంది. మూడో వరసలో మోటార్ల ల్యాబ్ ఆవిడ కనబడింది. వెతుకుడక్క సంచీని ఒళ్ళోకి లాక్కుంది.

చిట్టి బాగా చెప్పింది. కమిటీ పెద్దాయన, సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో తలపండినవాడని పేరు, తల ఊపుతూ విన్నాడు. అంతా అయ్యాక రెండో అధ్యాయం తిరగేసి మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"మిగతావన్నీ సరే. ఈ వెతుకులాట అధ్యాయం చూడండి. ఇరవైకి ఇరవై! ముప్ఫై ఏళ్ళలో నేను పద్దెనిమిది దాటడం చూడలేదు."

చూడనిది కనబడితే అనుమానించాలి గదయ్యా, అడగవేం, ఎవరు ఏరారని అడుగు, అని వెతుకుడక్కకి అరవాలనిపించింది. అడిగితే చెప్పేస్తుంది. ఒట్టు, చెప్పేస్తుంది. ఆయన అది అడగలేదు.

"ఎవరు చేశారమ్మా ఇది?"

"మా లైబ్రరీ మేడమ్ సార్" అంది చిట్టి. అత్త అనలేదు.

"వచ్చారా? లేవండి మేడమ్, లేవండి."

వెతుకుడక్క లేచింది. హాలంతా చప్పట్లు కొట్టారు. చిట్టి వేదిక మీంచి చూస్తోంది. వద్దు అనడం లేదు, చెప్పు అనడమూ లేదు, ఊరికే చూస్తోంది, చిన్నప్పుడు జడ వేయించుకుంటూ అద్దంలోంచి చూసినట్టు. వెతుకుడక్క నోరు తెరిచింది. "అందరికీ..." అంది. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు. కూర్చుంది.

"ఇకనించి కొత్త స్కాలర్లందరికీ దీన్నే నమూనాగా ఇవ్వండి. ఈ వాక్యం, ఈ డేటాబేసులు, ఈ ఇరవై. మళ్ళీ కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు" అన్నాడు పెద్దాయన. డీన్ గారు రాసుకున్నాడు.

అప్పుడు మోటార్ల ల్యాబ్ ఆవిడ చెయ్యెత్తింది. "ఒక చిన్న మాటండీ. మా ఎలక్ట్రికల్ వైపు ఇలాంటిదే..."

"ప్రశ్నలకి టైము అయిపోయిందమ్మా, టీ చల్లారిపోతుంది" అన్నాడు డీన్ గారు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వి చెయ్యి దించేసింది. పరాయి శాఖ మనిషి, పట్టుబట్టడానికి ఆవిడకేం పట్టింది.

టీ దగ్గర ఆవిడ వెతుకుడక్క పక్కకి వచ్చింది. "మీ మేనకోడలటగా? భలే చెప్పిందండీ. మీరు ఆ రోజు అడిగిన పేపరు ఒకటుంది చూడండి, ఆ అమ్మాయికి చూపిస్తే సంతోషిస్తుందేమో."

"నేను చూపిస్తాలెండి" అంది వెతుకుడక్క. అది అబద్ధం కాదు. చూపించేసింది కూడా. అయినా ఆవిడ జీవితంలో అంత పెద్ద అబద్ధం ఎన్నడూ ఆడలేదు, ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

సోమవారం పొద్దున బల్ల దగ్గరికి కొత్త స్కాలరొకతె వచ్చింది. బక్కపలచటి మనిషి, భుజాన బరువైన సంచీ, చేతిలో డీన్ గారి చీటీ. ఆస్పత్రుల్లో రోగి చేతికి మందు ఎక్కించే యంత్రాలున్నాయి గదా, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ పరీక్షల మీద పని చేస్తుందట.

"అక్కా, మీ నమూనా ఇవ్వమన్నారు. అందులో యంత్రం పేరు ఒక్కటి మార్చుకుంటే చాలన్నారు."

"అది పక్కన పెట్టమ్మా. నీకు నేను కొత్తగా రాసిస్తా. రెండు వారాలియ్యి, మోటార్లవాళ్ళ సంచికలు కూడా తిరగేద్దాం, తీగ కూడా లాగుదాం."

ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. "వద్దక్కా, అదే ఇవ్వండి. అది ఉంటే కమిటీ ఇంకేమీ అడగదట. నాకూ ఇంట్లో చంటిపిల్ల, ఎక్కడ తిరగేసేది చెప్పండి." అని, మళ్ళీ ఏదో అనుమానం వచ్చినట్టు చూసింది. "ఎందుకక్కా, దాంట్లో ఏమైనా తప్పుందా?"

ఇరవై ఎనిమిదికి ఇంకా తొమ్మిది రోజులుంది. వెతుకుడక్క ఆ తొమ్మిదీ లెక్కపెట్టుకుంది. తప్పుంది అంటే ఏం తప్పు అంటుంది. ఏం తప్పో చెబితే మధ్యాహ్నానికల్లా ఆ మాట డీన్ గారి గదిలో ఉంటుంది. చెప్పకపోతే ఈ పిల్ల కూడా అదే వాక్యం పట్టుకుపోతుంది, దీని తర్వాత ఇంకొకతె, ఆ తర్వాత ఇంకొకడు, అందరికీ ఇరవైకి ఇరవై వస్తాయి, అందరికీ అవే జారిపోతాయి. మందు ఎక్కించే యంత్రాల మీద పేపర్లు కూడా.

"ఏం లేదమ్మా" అంది. "ఏ తప్పూ లేదు."

ఆ అమ్మాయి సంతోషంగా నోట్సు తీసి, పైన తారీకు వేసి, ఆ మాట రాసుకుంది.